జి ఇంట్లో పరాయి కార్డ్

ఉగ్గాని పొట్లం విప్పకముందే యేసుప్రసాద్‌ను పట్టుకున్నారు. కర్నూలు బస్టాండు పక్కన, పొద్దున ఆరున్నరకు, చప్పుడు లేకుండా. ఎనిమిదికల్లా ఏజెంట్ శామ్ పాతబస్తీలోని హార్మోనియం రిపేరు కొట్టులో ఉన్నాడు.

కొట్టు యజమాని దాదా ఖలందర్. ఊరికి ఆయన తిత్తులు అతికించే పెద్దాయన. ఢిల్లీకి సౌత్ జోన్ చీఫ్.

"శామూ, కల్లూరులో ఒక రికార్డింగ్ స్టూడియో ఉండాది. వారానికోసారి పదకొండుకు భక్తి సంగీతం లైవ్ పెడతారు. పాడేవాళ్ళుండరు, ఉత్త కీబోర్డే. వాయించేది యేసుప్రసాద్. వినేది బయటి దేశపు ముఠా."

"సంగీతంలో కోడా, చాచా?"

"కార్డ్‌లలో. సి కీ అంటే ఒక ఇల్లనుకో. ఆ ఇంట్లో ఏడు స్వరాలు, అన్నీ తెల్ల మెట్లే. ఒక్కో మెట్టు మీద మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి, మూడు మెట్లు నొక్కితే కార్డ్. ఏడు స్వరాలకు ఏడు కార్డ్‌లు. ఒకటి, నాలుగు, ఐదు మేజర్. నవ్వు మొహాలు. రెండు, మూడు, ఆరు మైనర్. కొంచెం దిగులు."

"ఏడోది?"

"డిమినిష్డ్. పెళ్లిలో అలిగిన మేనమామ. ఎవరూ పలకరించరు, అయినా ఇంటోడే." దాదా గొంతు తగ్గించాడు. "వీళ్ళ పాట ఎప్పుడూ జి కీలోనే. జి ఇంట్లో ఎఫ్ స్వరం ఉండదు, దాని బదులు ఎఫ్ షార్ప్ ఉంటాది. కాబట్టి ఎఫ్ మేజర్ వినపడితే పరాయోడు వచ్చినట్ల. బి ఫ్లాట్ కూడా అంతే. ఎఫ్ అంటే మైదుకూరు దారి. బి ఫ్లాట్ అంటే కోయిలకుంట్ల దారి. వాళ్ళ మెషిన్ ఆ రెండు కార్డ్‌ల కోసమే చెవులు రిక్కించుకోని ఉంటాది."

"దేనికి దారి?"

"తుమ్మలపల్లె యురేనియం గని నుంచి సీలేసిన శాంపిల్ పెట్టెలతో ఒక వ్యాన్ కర్నూలుకు వస్తాంది. ముఠా జట్టు ప్రొద్దుటూరులో కాచుకోని ఉండాది. పెట్టెలు తీసుకున్నాక వ్యాన్‌లో మనిషిని మిగల్చరు." దాదా అతని కళ్లలోకి చూడలేదు. "పెట్టెలతో వస్తాండే సైంటిస్టు మహిమ."

శామ్ చేతిలోని టీ గ్లాసు ఆగిపోయింది. మహిమ. పెళ్లయి ఇరవై రెండు రోజులు. నిన్న పొద్దున్నే అతని చొక్కా కాలర్ సరిచేసి, తన పెదవుల గుర్తు పడిందని అద్దంలో చూపించి, నవ్వుకుంటూ డ్యూటీకి వెళ్లిన మహిమ. ఆమె లెక్కలో శామ్ కీబోర్డులు అమ్మే సేల్స్‌మన్.

"వ్యాన్ ఆపేద్దాం చాచా!"

"ఆపితే ముఠా జారుకుంటాది. వచ్చేవారం ఇంకో వ్యాన్, ఇంకొకరి పెండ్లాం. వ్యాన్ ఏ దారిన వచ్చేదీ గుట్టు, మాకూ తెలీదు, ముఠాకు మాత్రం ఎట్లో తెలిసిపోతాది. యేసుప్రసాద్‌కు జ్వరమని చెప్పించి వాని బదులు నిన్ను పంపిస్తాండాం, పదిన్నరకు కాగితం నీ చేతికొస్తాది. చూసి, ఈ చొక్కా గుండీలో మైకుండాది, దాంట్లో చెప్పు. మనోళ్ళు ముందే పోయి కూచుంటారు."

పది ఇరవైకి శామ్ షేర్ ఆటో దిగాడు. దట్టమైన మీసం, మందపు కళ్లద్దాలు, చంకలో బైబిలు. స్టూడియో తలుపు దగ్గర బసవన్న అడ్డంగా నిలబడ్డాడు. తలుపు వెడల్పు, అతని వెడల్పు ఒకటే.

"ఎవరి తరఫున?"

"జ్వరమొచ్చినోడి తరఫున."

"ఏం తెచ్చినావు?"

"పది వేళ్ళు."

కోడ్ సరిపోయింది. లోపలికి అడుగు పెట్టగానే తలుపు మూసుకుంది. గొళ్లెం పడింది. తాళం తిరిగింది. నాలుగు గోడలకూ నల్లటి స్పాంజి. కిటికీ లేదు. తన ఊపిరి తన చెవిలోనే వినిపిస్తోంది. శామ్ గుండీ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు.

"సిగ్నల్ కోసమా?" మూలనున్న సోఫాలోంచి ఒక ఆడగొంతు. "జామర్ ఉండాదిలే. బయటికి పోయేది లైవ్ వైరొక్కటే."

శిరీన్! నల్ల కళ్లద్దాలు, ఎర్ర గోళ్లు, గది నిండా అత్తరు. హైదరాబాద్‌లో ఒకసారి శామ్ ప్రాణం కాపాడింది. బెంగుళూరులో ఒకసారి అదే ప్రాణానికి వెల కట్టింది. ఇవాళ ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

ఆమె అతన్ని గుర్తుపట్టింది. అయినా తన గోళ్లు చూసుకుంటూ కూర్చుంది. అదే ఎక్కువ భయపెట్టింది.

బసవన్న కాగితం ఇచ్చి, నడుముకున్న తుపాకీ తీసి చేత పట్టాడు. "కాగితంలో ఏముంటే అదే వాయించల్ల. నీ వేళ్ళు చూస్తాంటా. ఏ కార్డ్‌కు ఏ మెట్లో నాకు బట్టీ. ఒక్క వేలు అటూ ఇటూ పోయినా కాల్చేస్తా."

కాగితంలో సి, ఎఫ్, జి, ఎ మైనర్. నడుమ ఒకేచోట ఇ ఫ్లాట్. పైన మూలకు 'ట్రాన్స్‌పోజ్ 7' అని యేసుప్రసాద్ చేతిరాత.

శామ్‌కు అర్థమైంది. ఈ ప్రాంతంలో చాలామంది చర్చి కీబోర్డు వాళ్లలాగే యేసుప్రసాద్‌కూ సి ఒక్కటే వచ్చు. ఏ కీ అడిగినా బటన్ నొక్కి, సి లోనే వాయించేస్తాడు. ఏడు నొక్కితే వేళ్లు సి ఇంట్లోనే ఉంటాయి, శబ్దం జి ఇంట్లోంచి వస్తుంది. వేళ్ల కింది ఇ ఫ్లాట్ బయటికి బి ఫ్లాట్‌గా వెళ్తుంది.

కోయిలకుంట్ల దారి. మహిమ ఆ దారిలో ఉంది. చెప్పడానికి దారి లేదు. కాగితం ప్రకారం వాయిస్తే ఆమె ఉండదు. వాయించకపోతే తనుండడు, ఇంకెవరో వచ్చి వాయిస్తారు.

ఎర్రదీపం వెలిగింది. లైవ్.

అలవాటుగా వేలు ట్రాన్స్‌పోజ్ బటన్ వైపు పోయింది. గాలిలోనే ఆగింది.

"ఆ ఏడు ఏందప్పా?" బసవన్న అడిగాడు.

"పాట నంబరు."

బటన్ నొక్కకుండానే శామ్ మొదలుపెట్టాడు. సి. తర్వాత ఎఫ్. సి ఇంట్లో ఎఫ్ సొంత మనిషి, నాలుగో కార్డ్, ప్రతి వరుసలో వస్తుంది. కానీ జి ఇంటి గుమ్మంలో కూర్చుని వింటున్న మెషిన్‌కు అది పరాయోడే. ఎఫ్. మైదుకూరు. మళ్లీ ఎఫ్. మైదుకూరు, మైదుకూరు! వేళ్లు కాగితంలో ఉన్నట్టే కదులుతున్నాయి. వెన్ను మీద చెమట కారుతోంది.

సోఫాలో శిరీన్ కళ్లద్దాలు తీసింది. ఆమె గజళ్లు పాడే మనిషి. కీ మారిందని ఆ చెవికి తెలియకుండా ఉండదు.

"సరిగా వాయిస్తాండాడా మేడం?"

మెషిన్‌కు ఏ దారీ చెప్పని ఇ ఫ్లాట్ మీద శామ్ వేళ్లు పెట్టాడు. తుపాకీ గొట్టం చెవి పక్కన చల్లగా తగిలింది.

"కాగితం నీ దగ్గరుండాది, వేళ్ళు నీ ముందరుండాయి," అంది శిరీన్. "నన్నెందుకు అడుగుతావు?"

బసవన్న కాగితం చూశాడు. వేళ్లు చూశాడు. తలూపాడు.

పదకొండున్నరకు పాట ముగిసింది. తలుపు తెరుచుకోలేదు. ముగ్గురూ లైవ్ కనిపించే కంప్యూటర్ తెరవైపే చూస్తున్నారు. ఒక కామెంట్ వచ్చింది: 'మైదుకూరు నుంచి వందనాలు.'

బసవన్న పెదవులు కదిపి చదువుకున్నాడు. "మైదుకూరా? కోయిలకుంట్ల గదా ఉండాల్సింది!" తుపాకీ గిర్రున తిరిగింది. "ఏం చేసినావురా?"

వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. అదే క్షణంలో శిరీన్ అత్తరు సీసా అతని మొహం మీద బుస్సుమంది. బసవన్న ఒక్క తుమ్ము తుమ్మి, దుంగలా కూలిపోయాడు. గుండు సీలింగులోని స్పాంజిలో దిగబడింది.

"ఊపిరి పట్టుకో," అంటూ శిరీన్ అతని జేబులోంచి తాళం తీసింది. "ఎఫ్ అంత గట్టిగా కొడతారా ఎవరైనా? చెవులు పోయినాయి."

"ఇంతకీ నువ్వు ఎవరి మనిషివి?"

"ఈ పొద్దా? దాదా మనిషిని. రేపటి సంగతి రేపు."

లైవ్ వింటున్న దాదా ఎఫ్ వినపడగానే తన మనుషులను మైదుకూరుకు పంపాడు. దారి కాసిన తొమ్మిదిమందీ రోడ్డు పక్క పొదల్లోనే దొరికారు. కోయిలకుంట్ల దారిలో వ్యాన్ ఒక గేదెల మంద కోసం తప్ప ఎక్కడా ఆగలేదు.

రెండు గంటలకు కర్నూలులో మహిమ వ్యాన్ దిగింది. మీసం, కళ్లద్దాలు లేని మొగుణ్ణి గేటు దగ్గర చూసి కళ్లు పెద్దవి చేసుకుంది.

"ఏమండీ, మీరు ఈడ?"

"అన్నం తిందామని."

అతను ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. అందరూ చూస్తున్నారని ఆమె గిల్లింది. అయినా వదల్లేదు.

"దారంతా డ్రైవర్ సోమన్న ఫోన్‌లో ఏదో భక్తి లైవ్ పెట్టినాడండీ," అంది మహిమ నడుస్తూ. "ఆ కీబోర్డు మనిషెవరో గానీ, నడుమ ఒక కార్డ్ వేసినాడు చూడండి, పండ్లు జివ్వుమన్యాయి! పాపం, ఎవరూ నేర్పించలేదేమో. మీరు పోయి నాలుగు పాఠాలు చెప్పి రారాదూ?"

శత్రువులు గోళ్లు పీకినా నోరు విప్పని ఏజెంట్ శామ్‌కు, ఆ ఒక్క నిమిషం నోరు మూసుకోవడం చచ్చేంత కష్టమైంది.