పుచ్చుకునే పట్టీ

2074 నాటికి విశాఖ పిల్లల పాదాలకు నేల తగలడం అరుదైపోయింది. తెల్లారగానే మంచం పక్కకి జారుకుర్చీ వచ్చి నిలబడుతుంది. పళ్ళు తోముకునే చోటికీ, భోజనాల బల్లకీ, పాఠాల గదికీ అదే తీసుకుపోతుంది. పదిహేనేళ్ళ ఇందీవర అలాగే పెరిగింది. బరువు తొంభై నాలుగు కిలోలు.

ఆమెకు ఒకటే కోరిక. భీమిలి దగ్గరి సముద్రగర్భ శిబిరంలో నెల్లాళ్ళుండి చేపల గుంపులతో ఈదాలి. రాతపరీక్ష గట్టెక్కింది. గుండె దమ్ము మాత్రం అరవై ఉండాల్సింది నలభై ఒకటే ఉంది. చివరి పరీక్షకి నలభై రోజులే గడువు.

"లేచి నడవవే" అని నాలుగేళ్ళుగా చెప్పి విసిగిపోయిన వాళ్ళమ్మ మేదిని, కండరాల శాస్త్రవేత్త. మనవడి జ్వరం తగ్గాలని మొక్కుకుని సింహాచలం కొండచుట్టూ నడుస్తున్న ఓ ముసలమ్మని చూసినప్పుడు ఆమెకు ఆలోచన తట్టింది. నడక ఒకరిది, ఫలం ఇంకొకరిది. ఎందుకు కాకూడదు?

అలా పుట్టింది చలనవాహిని. అవి ఇద్దరు మనుషులు చెరొకటి పాదం పైన కట్టుకునే రెండు పట్టీలు. పనిచేసే కండరం ఒంట్లోకి కొన్ని రసాయన సందేశాలు పంపుతుంది. ఇచ్చే పట్టీ వాటిని చదువుతుంది. పుచ్చుకునే పట్టీ వాటినే రెండోవాళ్ళ కండరాల్లో పుట్టిస్తుంది. చిన్న మీట తిప్పితే రెండు పట్టీల పాత్రలూ తారుమారవుతాయి.

"ఇంక నేను కదలక్కర్లేదా అమ్మా!" ఇందీవర కుర్చీలోంచే చప్పట్లు కొట్టింది.

"నీ బదులు నేను తిరుగుతాన్లే, మహారాణీ!"

ప్రయోగశాలలో లెక్కలు చూసే మాటల యంత్రం పేరు తూనిక. దానితో మేదిని ముందే చెప్పింది: "పరీక్ష అయ్యేదాకా పట్టీల లెక్కలు నాకు చెప్పకు. కన్నతల్లిని, చూస్తే వేలు పెట్టకుండా ఉండలేను."

రోజూ పొద్దున్నే ఆమె సముద్రపొడ్డున గంటన్నర నడిచేది. మొదటి రెండ్రోజులూ మోకాళ్ళు పట్టుకుని రొప్పుతూ ఇల్లు చేరింది. తర్వాత్తర్వాత ఒళ్ళు తేలికైంది. సముద్రపు గాలి మహిమ అనుకుంది. కాలి పట్టీకేసి మళ్ళీ చూడనేలేదు. అందరికీ వడ్డించి తన కంచం సంగతి మరిచిపోయే మనిషి.

పరీక్షరోజు అంకె పడింది. అరవై మూడు!

"సాధించామే!" మేదిని కూతుర్ని వాటేసుకుని గిరగిరా తిప్పబోయి, తిప్పలేక, తనే చుట్టూ తిరిగింది. "తూనికా, చెప్పు! ప్రపంచమంతటికీ చెప్పు!"

"ఒక సవరణ," అంది తూనిక. "అమ్మాయికి మీ నడక చేరింది మొదటి రెండ్రోజులే. మూడోరోజు మీట తిరిగింది. అప్పట్నించీ అమ్మాయి ఇచ్చింది, మీరు పుచ్చుకున్నారు."

"ఏటే ఇది?"

ఇందీవర తల వంచుకుంది. "నేనే తిప్పాను. నువ్వలా ఆయాసపడుతూ వస్తే చూళ్ళేకపోయానమ్మా. నువ్వు ల్యాబులో కూర్చున్నప్పుడు మన పదకొండంతస్తుల మెట్లూ ఎక్కి దిగాను. మొదటిరోజు రెండో అంతస్తులోనే కూలబడ్డాను. కింది వాటా అత్తయ్య మజ్జిగ ఇచ్చింది."

"మరి నీకోసం లెమ్మని నాలుగేళ్ళు మొత్తుకున్నానే!"

"నాకోసమైతే బద్ధకం."

మేదిని కూతురి కాలి పట్టీకేసి చూసింది. ఇంత కష్టపడి ఆమె చేసిన యంత్రం పిల్లకి చేసిపెట్టిందల్లా, ఎవరికోసం నడవాలో చూపించడమే.

మర్నాడు తల్లీకూతుళ్ళిద్దరూ సముద్రపొడ్డుకి వెళ్ళారు. నాలుగడుగులు వేశాక మేదిని వంగి తన పట్టీ మీట తిప్పింది.

"ఏయ్! చూశాను!" ఇందీవర వంగి తన మీట తిప్పేసింది.

"పెద్దదాన్ని, నేనే ఇవ్వాలే!"

"నీ మోకాళ్ళ సంగతి చూసుకో ముందు!"

చెవిలో తూనిక గొంతు కంగారుగా వినిపించింది. "గంటలో మీట నలభై ఆరుసార్లు తిరిగింది. ఎవరికీ ఏమీ చేరడం లేదు. పరికరం విఫలమైంది. మీరు మాత్రం ఐదు కిలోమీటర్లు నడిచారు. ఆపమంటారా?"

"ఉండవయ్యా," అంది మేదిని, కూతురి వెనక పరిగెడుతూ. "ఈసారి నా వంతు!"