డాబా మీది టమాటా మొక్కలు

లంచ్ అయ్యాక స్కూల్ డాబా మీదికి వెళ్లిన తొందరపాప కెవ్వుమంది.

పొద్దున కళకళలాడిన టమాటా మొక్కలన్నీ వాడిపోయి పడి ఉన్నాయి. ఆకులు తెల్లగా పాలిపోయాయి. ఆరో తరగతి పిల్లలు తలా ఒక పేపర్ కప్పులో గింజ నాటి, క్లాసు కిటికీలో పెంచుకున్న మొక్కలవి. ఎండ బాగా తగిలితే త్వరగా కాయలు కాస్తాయని, ఎవరినీ అడగకుండా అన్నీ పైకి మోసింది ఈ మహాతల్లే. ఏ పనికీ క్షణం ఆగదు గనకే ఆ ముద్దుపేరు.

కేక విని క్లాసంతా వచ్చేసింది. పక్క బెంచీ స్నేహితురాలు తన కప్పు చేతిలోకి తీసుకుంది. మొక్క కాడ వేలాడిపోయింది.

ఒక్క మొక్క మాత్రం నిటారుగా నిలబడి ఉంది. చోటు చాలక ఆఖరున వాటర్ ట్యాంకు నీడలో పెట్టిన కప్పు అది. దాని మీద తొందరపాప పేరే ఉంది.

"నీదొక్కటే నీడలో పెట్టుకున్నావా?" అంది స్నేహితురాలు.

కావాలని పెట్టలేదంటే ఎవరు నమ్ముతారు? తొందరపాపకు ఏడుపు తన్నుకొచ్చింది.

పిల్లల వెనకే వచ్చిన సైన్స్ టీచర్ తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. ఎండ చెడ్డది కాదనీ, కిటికీలో పెరిగినవాటిని ఒక్కసారిగా మండుటెండలో పెట్టడమే తప్పనీ ఆవిడ చెప్పారు. కొత్త చోటుకు మెల్లగా అలవాటు పడటాన్ని అక్లిమటైజ్ కావడం అంటారట. అందులో ఉన్నది క్లైమేట్ అన్న మాటే. దాని మూలం పాత గ్రీకు భాషలో ఉందట. అక్కడ దానర్థం వాలు.

"ఎండ ఒక్కో చోట ఒక్కో వాలులో పడుతుంది కదా. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారితే ఎవరికైనా టైం పడుతుందమ్మా," అన్నారు టీచర్.

మర్నాడు తొందరపాప ఆ కప్పు మీద తన పేరు కొట్టేసి "మనందరిదీ" అని రాసింది. లేత ఎండలో పెట్టి పక్కనే కూర్చుంది. ఎండ చురుక్కుమనగానే లోపలికి తెచ్చేసింది. ఇంకాసేపు ఉంచుదామని పిల్లలు బతిమాలినా వినలేదు. రేపు ఇంకొంచెం సేపు ఉంచుదామంది.

ఆ తర్వాతి రోజు ఆమె కప్పు పట్టుకుని వచ్చేసరికి, స్నేహితురాలు మెట్ల దగ్గర నిలబడి ఉంది.

తొందరపాప కప్పును స్నేహితురాలి చేతికిచ్చి, ఆమె వెనకాలే ఒక్కో మెట్టూ నెమ్మదిగా ఎక్కింది.