పదిహేడో గూటికి ముప్పు

"లేవండి. మీరు నూట పది గుడ్ల మీద పడుకున్నారు."

అతను కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో రిజిస్టరు, చెవి వెనక పెన్ను. ముఖంలో మాత్రం కోపం లేదు. కోపాన్ని ఆమె ముఖంతో కాకుండా పెన్నుతో చూపిస్తుందని అతనికి కాసేపట్లోనే తెలిసింది.

సముద్రం ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెట్టిన చోటల్లా ఒక కర్ర పాతి, ఎర్రగుడ్డ కట్టి, నంబరు వేసి, పిల్లలు బయటికి వచ్చేదాకా కాపలా కాయడం ఆమె ఉద్యోగం. వీపున బ్యాగు తగిలించుకుని ఊరూరా జంతువుల్నీ పక్షుల్నీ చూస్తూ తిరుగుతున్న ఇతను, పదిహేడో నంబరు కర్రకి తడి చొక్కా ఆరేసి, బ్యాగు తలకింద పెట్టుకుని, గంటన్నర హాయిగా నిద్రపోయాడు.

చొక్కాలు ఆరేసుకోడానికే ఎవరో పాతారనుకున్నానని చెప్పాడు. ఏం చేస్తుంటారని ఆమె అడిగింది. అన్నయ్యతో కలిసి కళ్లజోళ్ల షాపు నడుపుతున్నానన్నాడు. ఆమె అతని వైపు చూసింది, ఎర్రగుడ్డ వైపు చూసింది, మళ్లీ అతని వైపు చూసింది. ఏదో ఒకటి అనేస్తే బావుండుననిపించింది అతనికి.

ఆమె రిజిస్టరు తెరిచింది. గూళ్ల దగ్గర ఏ ప్రాణి కనిపించినా అందులో రాయాలి. ఎప్పుడు కనిపించింది, ఏం చేస్తోంది, వలస వచ్చిందా, స్థానికమా, గూటికి ముప్పా కాదా అని గళ్లున్నాయి. ఆ పేజీలో కుక్క, పీత, నక్క అయ్యాయి. తరవాతి వరుసలో ఆమె రాసింది: "మనిషి. బ్యాగుతో. నిద్ర. వలస. ముప్పు."

"నన్ను నక్క కింద రాశారేంటండీ?"

"అక్కడే ఖాళీ ఉంది."

కొట్టెయ్యమని బతిమాలాడు. పెన్నుతో రాసింది కొట్టెయ్యకూడదట, రూలు. పిల్లలు క్షేమంగా బయటికొస్తే మాత్రం ఆ గూటికి చివర్లో 'నష్టం లేదు' అని రాసి మూసేస్తారట. దానికింకా పదకొండు రోజులుంది.

తరవాత ఆమె కొంచెం గొంతు తగ్గించి చెప్పింది. పైన బరువు పడితే ఇసుక బిగుసుకుపోతుంది. లోపల గుడ్లలోంచి బయటపడినా పిల్లలు పైకి రాలేవు. ఈ ఏడాది అలలకీ కుక్కలకీ పోగా మిగిలిన గూడు ఇదొక్కటే.

మర్నాటి బస్సుకి అతనికి టికెట్టుంది. వెళ్లలేదు.

ఆ అమ్మాయి వాళ్లమ్మ మేడమీద గది అద్దెకిస్తుంది. అతనికి తాళం ఇస్తూ, అతను వింటుండగానే కూతురితో, "బ్యాగుతో వచ్చినవాళ్లు బ్యాగుతోనే పోతారే అమ్మడూ, నీ కర్రలేవో నువ్వు చూసుకో" అంది. ఆవిడ కళ్లజోడు ఒకవైపు పుల్ల ఊడిపోతే దారంతో కట్టుకుంది. అతను తన దగ్గరున్న చిన్న స్క్రూ వేసి బిగించి ఇచ్చాడు. రెండేళ్ల తరవాత కళ్లజోడు ముక్కుమీద తిన్నగా నిలబడింది. ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఇంత బక్కగా ఉన్నావేంటి బాబూ అని దిగులుపడింది.

రోజూ తెల్లారగానే అతను గూటి దగ్గరికి వచ్చేవాడు. ఆమె కాలితో ఇసుకలో గీత గీసి, అది దాటొద్దంది. దాటలేదు. ఒకరోజు గూటివైపు వచ్చిన కుక్కని తరిమాడు. కుక్క వెళ్లింది, కానీ అతని చెప్పు పట్టుకుని వెళ్లింది. ఆమె నవ్వలేదు. రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏదో చదువుకుంది.

అతను వచ్చి కూర్చోగానే ఆమె ఏదో రాసేది. నక్కేదో కనిపించి ఉంటుందని అతను అటూ ఇటూ వెతికేవాడు.

పదకొండో రోజు ఇసుక కదల్లేదు. పన్నెండో రోజూ కదల్లేదు. పదమూడో రోజు అతనికి అన్నం సయించలేదు.

"నేనే చంపేశానండీ," అన్నాడు.

"ఇంకా రాయలేదు కదా," అందామె. గొంతు మాత్రం అంత ధైర్యంగా లేదు.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఇద్దరూ ఒడ్డుకి లాగిన పడవ మీది పట్టా ఎత్తి, నెత్తిన కప్పుకుని నిలబడ్డారు. పట్టా ఇద్దరికీ సరిపోదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాన వెలిసింది. చల్లబడ్డ ఇసుక, కర్ర పక్కనే, చిన్న గుంటలా కుంగింది. గుంటలోంచి బొటనవేలంత తల ఒకటి బయటికి వచ్చి, ఇద్దర్నీ చూసి, పెద్దగా పట్టించుకోకుండా సముద్రం వైపు నడిచింది. దాని వెనక మరొకటి. ఆ వెనక వరసపెట్టి అన్నీ.

ఆమె లెక్కకి నూట నాలుగు. అతని లెక్కకి అరవై రెండు. ఆ తరవాత కళ్లలో నీళ్లు అడ్డం వచ్చాయి.

"ఆరేడు గుడ్లు ఎప్పుడూ మిగిలిపోతాయి. అది మీ తప్పు కాదు," అని రిజిస్టరు అతనికే ఇచ్చింది. "నష్టం లేదని మీరే రాయండి."

రాశాడు. రాసి, తన పాత వరుస చూసుకుందామని పేజీలు వెనక్కి తిప్పాడు.

"మనిషి. ఉదయం ఆరుంబావు. బ్యాగు లేదు. వలస. ముప్పు లేదు."

"మనిషి. ఒక చెప్పుతో. వలస. ముప్పు లేదు."

"మనిషి. ఈరోజు ఆలస్యం. వస్తాడో రాడో అనుకున్నాను. వలస."

నక్క మళ్లీ ఎక్కడా కనిపించలేదు.

"ఇవాళ్టి వరుసలో ఒక గడి వదిలేశారు," అన్నాడు.

"వలసో స్థానికమో తెలీక." ఆమె సముద్రం వైపే చూస్తోంది. "అది మీరే చెప్పాలి."

ఈ ఊళ్లో కళ్లజోళ్ల షాపు లేదట కదా అని అడిగాడు. లేదంది. అతను ఆమె చెవి వెనక పెన్ను తీసుకున్నాడు.

"ఆలోచించుకోండి. కొట్టెయ్యడానికి ఉండదు."

"రూలు తెలుసండీ," అని రాశాడు.

తడుస్తున్నారేమోనని, వాన వెలిశాక, వాళ్లమ్మ గొడుగు పట్టుకుని వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి, రిజిస్టరు అందుకుని, కళ్లజోడు సర్దుకుని చదివింది.

"పెన్నుతోనే రాశావా, బాబూ?"

"పెన్నుతోనే, ఆంటీ."

"అయితే ఆంటీ అనడం మానెయ్," అంది ఆవిడ. "అత్తయ్యా అను."