మర కలవని బోల్టులు

ఆదివారం పొద్దున టీ మరుగుతుండగానే తల్లి విషయం తేల్చేసింది. పెరట్లో రేకుల కింద పడి ఉన్న జీపు ఈ వారంలో ఇంట్లోంచి పోవాలి. పాత ఇనుము కొనేవాడితో మాట్లాడేసింది కూడా.

"అది కదిలితే నా కుట్టుమిషను అక్కడ వేసుకుంటాను. హాల్లో కూర్చుని కుడుతుంటే వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ బట్టలు తొక్కేస్తున్నారు," అంది గ్లాసుల్లో టీ పోస్తూ.

"ఇనుము కింద అమ్మేస్తావా? ఆ బండి నాకు కావాలమ్మా," అంది కూతురు.

"నీకెందుకే ఆ తుప్పు?"

"కొత్త ఉద్యోగం కొండమీదని చెప్పానుగా. రాళ్ళదారిలో పనిముట్లు ఎవరు మోస్తారు?"

కూతురు లిఫ్టుల మెకానిక్. పెద్ద పెద్ద మేడల్లో ఇరుక్కుపోయిన లిఫ్టులు కదిలించడం ఆమె పని. ఊరి పక్క కొండకి కొత్తగా రోప్‌వే వేశారు. దాని పై స్టేషనులో యంత్రాలు చూసుకోవడానికి ఆమెను తీసుకున్నారు. అక్కడికి వెళ్ళే దారి మామూలు బండ్లు ఎక్కేది కాదు. నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాలి. అలాంటిది పెరట్లోనే ఉంది, కాకపోతే చచ్చి ఉంది.

తండ్రి పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. "దాని జోలికి పోకు," అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"పోకన్నాను. అంతే."

"ముందు ఆ గ్లాసు కింద పెట్టండి, చెయ్యి కాలడం లేదూ?" అంది తల్లి. కూతురి వైపు తిరిగి, "ఆయనా మొండే, నువ్వూ మొండే. బాగుచేసుకుని తీసుకుపోతానంటే నాకు మరీ మంచిది. నేను మాత్రం ఛస్తే దాంట్లో కాలు పెట్టను," అంది.

ఆవిడ అలా అనడానికి కారణం ఉంది. తండ్రి క్వారీలో రాళ్ళు తొలిచే మిషను మీద పనిచేసి రిటైరయ్యాడు. క్వారీవాళ్ళు పాత జీపు తీసేస్తుంటే ఇష్టపడి కొనుక్కున్నాడు. సెలవు రోజుల్లో పెళ్ళాన్నీ పిల్లనీ ఎక్కించుకుని కొండ దారులన్నీ తిప్పేవాడు. కూతురు స్టీరింగు పట్టడం నేర్చుకుంది దాని మీదే. వీధి మలుపులో బండ్లు బాగుచేసే షెడ్డు ఉన్న మేస్త్రీ ఆయనకి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ కలిసి ఆ బండి కింద దూరితే భోజనాలకి పిలిచి పిలిచి గొంతు పోయేది. మేస్త్రీ తల్లిని "చెల్లెమ్మా" అనేవాడు. ఆవిడ "అన్నయ్యా" అనేది.

కొన్నేళ్ళ క్రితం కొండ దిగుతుండగా జీపు ముందు చక్రం ఊడిపోయింది. బండి బండరాయిని గుద్దుకుంది. తల్లి భుజం ఎముక విరిగింది. ఆస్పత్రి మంచం మీద పడుకునే ఆవిడ భర్తను అడిగింది: "మొన్న ఆ చక్రం విప్పి బిగించింది అన్నయ్యేనా?" ఆయన తల దించుకున్నాడు. ఆవిడ దాన్ని అవునని అర్థం చేసుకుంది.

ఇంటికొచ్చిన రోజే చేతికి కట్టుతో షెడ్డు దగ్గరికి నడిచింది. పది మంది చూస్తుండగా నోటికొచ్చినట్టు అనేసింది. "మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా నీకు? నువ్వు పానా పట్టుకోవడానికి పనికొస్తావా?" మేస్త్రీ మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆవిడ మాటలన్నీ విన్నాడు. ఆవిడ భుజం మీదుగా, వెనక నిలబడ్డ స్నేహితుడి వైపు ఒకసారి చూశాడు. ఆయన నేల చూశాడు. మేస్త్రీ మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతనికి "చక్రమూడిన మేస్త్రీ" అని పేరు పడింది. బండ్లు రావడం తగ్గింది. ఇప్పుడు నీళ్ళ మోటార్లు, సైకిళ్ళు బాగుచేసుకుంటున్నాడు.

కూతురు సెలవు పెట్టి జీపు మీద పడింది. పైన కప్పిన పట్టా లాగేసరికి లోపలంతా ఎలుకల గూళ్ళు. దూరం నుంచి చూస్తే బండి మరీ అంత పాడైనట్టు లేదు. దగ్గరికెళ్ళి తట్టి చూస్తే పైన పటారం లోన లొటారం. రేకు ఖంగుమనాల్సిన చోట గోడ తట్టినట్టు మొద్దుగా చప్పుడయ్యేది. గీకితే రంగు కింద వేలెడు మందాన లప్పం. లప్పం కింద గోనెగుడ్డ. గోనెగుడ్డ కింద రేకే లేదు. డ్రైవరు కాళ్ళ దగ్గర నేల తుప్పుపట్టి పోతే, ఆ తుప్పు కోసి తియ్యకుండా దాని మీదే ఇంకో రేకు పరిచి చుట్టూ వెల్డింగు పెట్టేశారు. రెండు రేకుల మధ్య నీళ్ళు నిలిచి కింద బండిని మోసే ఛాసిస్ కూడా తినేశాయి. చాలా చోట్ల బోల్టులని నట్టుతో బిగించకుండా ఏకంగా వెల్డింగుతో అతికించేశారు. బ్రేకు పైపుకి టేపు చుట్టారు.

"ఇది రిపేరు కాదమ్మా, అలంకారం," అంది భోజనాల దగ్గర. "గోనెగుడ్డ కూరి పైన పూత పూశారు. ఎవడు చేశాడో గానీ బండి బాగుచెయ్యమంటే బొమ్మ చేశాడు."

"ఎవడేమిటి? ఆ మహానుభావుడే. పనితనం చూశావుగా," అంది తల్లి.

కూతురు నవ్వింది. తల్లీ నవ్వింది. తండ్రి సగం కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ముందు చక్రాల దగ్గరికి వచ్చేసరికి కూతురికి దిక్కుతోచలేదు. అంత పాత బండికి సామాను బజార్లో దొరకడం లేదు. ఆ మోడలు సంగతి తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే. తల్లికి చెప్పకుండా మలుపులోని షెడ్డుకి వెళ్ళింది.

మేస్త్రీ ఒక మోటారుకి తీగ చుడుతున్నాడు. తలెత్తి చూసి, "ఎంత పెద్దదానివయ్యావే," అన్నాడు. స్టూలు జరిపాడు.

ఆమె వచ్చిన పని చెప్పింది. ఏ సామాను ఎక్కడ దొరుకుతుందో ఆయన చెప్పాడు. లేచి వెళ్ళబోతూ ఆమె ఉండబట్టలేక అనేసింది: "మావయ్యా, కోప్పడకు. అంత పని తెలిసినవాడివి, ఆ బండికి అలా ఎలా చేశావు?"

"ఎలా చేశాను?"

ఆమె చెప్పింది. లప్పం, గోనెగుడ్డ, అతికించిన బోల్టులు. ఆయన తీగ చుట్టడం ఆపి విన్నాడు.

"గేరుబాక్సు దింపి ఎక్కించాక నేను మళ్ళీ ఆ బండిని ముట్టుకోలేదమ్మా. చక్రమూడడానికి చాలా ముందు సంగతి అది. ఆ తర్వాత మీ నాన్న నా దగ్గరికి తీసుకురావడమే మానేశాడు."

"మరి ఆ రోజు అమ్మ అంత అరుస్తుంటే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్పాల్సింది కాదది. వాడు నోరు విప్పుతాడేమోనని చూశాను," అని మళ్ళీ తీగ అందుకున్నాడు.

ఇంటికొచ్చి ఆమె విప్పిన బోల్టులన్నీ గోనె మీద పరుచుకుని కూర్చుంది. ఇదివరకు వాటిని చూసి విసుక్కుందే గానీ సరిగా చూడలేదు. ప్రతి బోల్టూ సరైన కొలతే. ఏది ఎక్కడ పడాలో అక్కడే పడింది. గ్రీజు కూడా రాయాల్సిన చోట రాసి ఉంది. పని తెలియనివాడు చేసింది కాదు. కానీ ప్రతిదానికీ మొదటి మరచుట్లు చితికిపోయాయి. నట్టు వంకరగా కూర్చున్న సంగతి తెలియక, పానా పెట్టి బలవంతంగా తిప్పేశారు. నట్టు మర అందుకుందా లేదా అన్నది కంటికి కనబడదు, వేలి కొసకి తెలియాలి. ఇది చేసినవాడికి తెలియలేదు. తెలియని చోటల్లా అతికించేశాడు.

తండ్రి గుండీల చొక్కాలు వేసుకోవడం మానేసి తలమీంచి తొడుక్కునే బనియన్లకి మారడం ఆమెకి గుర్తొచ్చింది. పొగలు కక్కే గ్లాసు గుర్తొచ్చింది. తాళంచెవి ఇచ్చి, "నువ్వు తియ్యి, నాకు కళ్ళు సరిగా ఆనడం లేదు," అనడం గుర్తొచ్చింది. కళ్ళు బాగానే ఉన్నాయి. పేపరు అద్దాల్లేకుండా చదువుతాడు.

ఆమె ఆయన్ని ఒంటరిగా అడిగి ఉండాల్సింది. ఆ తర్వాత చాలాసార్లు అలా అనుకుంది. ఆ మధ్యాహ్నం మాత్రం మేస్త్రీ మొహమే కళ్ళముందుంది. ఒక కొత్త బోల్టు, నట్టు తీసుకుని హాల్లోకి వెళ్ళింది. తల్లి మిషను ముందు జాకెట్టుకి చేతులు కుడుతోంది. తండ్రి కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాడు.

"నాన్నా, ఈ నట్టు ఎక్కించి ఇవ్వు."

"నువ్వు ఎక్కించుకోలేవా?"

"ఒక్కసారి ఎక్కించు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చెయ్యి చాచాడు. నట్టును బోల్టు మీద పెట్టి తిప్పాడు. అది పక్కకి ఒరిగింది. మళ్ళీ పెట్టాడు. మూడోసారి నట్టు వేళ్ళమధ్య నుంచి జారి నేలమీద దొర్లింది. ఆయనకి అది జారిన సంగతి కూడా వెంటనే తెలియలేదు. ఖాళీ వేళ్ళు ఇంకా తిప్పుతూనే ఉన్నాయి.

మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఏమైందండీ చేతికి?" అంది తల్లి.

"ఏం లేదు."

"మేస్త్రీ మావయ్య ఆ చక్రం ముట్టుకోలేదమ్మా," అంది కూతురు. "బిగించింది నాన్న. ఆ బండికి చేసినవన్నీ నాన్నే చేశాడు."

తల్లి నవ్వబోయి, భర్త మొహం చూసి ఆగిపోయింది. "నిజమేనా?"

ఆయన పేపరు మడతపెట్టాడు. మడత సరిగా రాలేదు. "వేళ్ళు చచ్చిపోయాయి," అన్నాడు. "క్వారీ మిషను అదురు అంతా చేతుల్లోకే కదా. మొదట్లో చల్లబడి తెల్లగా అయ్యేవి. ఆ తర్వాత ఏం ముట్టుకున్నా తెలిసేది కాదు. వేళ్ళు పోయాయని తెలిస్తే క్వారీలో మర్నాడే ఇంటికి పంపేస్తారు. అప్పుడు అందుకు దాచాను. ఆ తర్వాత దాచడం అలవాటైపోయింది."

"అన్నయ్య దగ్గరికి తీసుకెళ్ళొచ్చుగా బండిని?"

"వాడు ఒక్క చూపు చూస్తే పట్టేస్తాడు. వాడి ముందు నట్టు ఎక్కించలేనివాణ్ణి అవ్వడం ఇష్టం లేకపోయింది. ఇంట్లోనే తంటాలు పడ్డాను. బాగానే వచ్చిందనుకున్నాను."

తల్లి ఒకప్పుడు విరిగిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. చివరికి ఒక్కటే అడిగింది: "నేను వీధిలో ఆయన్ని అన్నేసి మాటలంటుంటే, మీరు వెనకే నిలబడి విన్నారా?"

"విన్నాను."

"నా ఎముక విరిగిందని కాదండీ. అది అతుక్కుంది." ఆవిడ కుడుతున్న జాకెట్టు పక్కకి తోసింది. "నాచేత అవన్నీ అనిపించారు."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. తండ్రి కిందికి వంగి నట్టు కోసం వెతికాడు. అది మంచం కిందికి పోయింది. కూతురు కూడా వంగి వెతికింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే తల్లి చెప్పులేసుకుని బయల్దేరింది. తండ్రి వెనకాలే నడిచాడు, తేలు కుట్టిన దొంగలా. షెడ్డు ముందు ఎప్పటిలాగే నలుగురైదుగురు ఉన్నారు. ఆవిడ గొంతు తగ్గించలేదు.

"అన్నయ్యా, ఆ రోజు చక్రం నువ్వు బిగించలేదు. ఈయన బిగించారు. నేను తెలుసుకోకుండా నిన్ను నానా మాటలూ అన్నాను. నాది తప్పు. అందరూ వినండి, తప్పు నాది."

మేస్త్రీ కంగారుగా లేచాడు. "ఊరుకో చెల్లెమ్మా, వీధిలో ఏమిటిది? లోపలికి రా. టీ తాగుదువుగాని."

ఆవిడ లోపలికి వెళ్ళింది. తండ్రి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మేస్త్రీ ఆయన్ని రమ్మనలేదు, పొమ్మనీ లేదు.

ఆ సాయంత్రమే మేస్త్రీ పనిముట్ల పెట్టెతో పెరట్లోకి వచ్చాడు. "పిల్ల కోసం వచ్చాను," అన్నాడు ఎవరూ అడగకుండానే. పని మళ్ళీ మొదట్నుంచి మొదలైంది. లప్పమంతా గీకేశారు. పరిచిన రేకులు కోసి తీసేసి, తుప్పు తిన్నంత మేరా ఛాసిస్ కోసి కొత్త ఇనుము పెట్టి అతికారు. అతికించేసిన ప్రతి బోల్టునీ తొలిచి తీసి, కన్నానికి మళ్ళీ మర కోశారు. కొత్తగా చెయ్యడం కన్నా చేసింది విప్పడానికే ఎక్కువ కాలం పట్టింది. తల్లి సీట్లకి కొత్త గుడ్డ కత్తిరించింది.

మేస్త్రీ తండ్రితో మాత్రం నేరుగా మాట్లాడేవాడు కాదు. "పాపా, ఆ దీపం ఇటు తిప్పమను మీ నాన్నని," అనేవాడు. తండ్రి పక్కనే ఉండి, చెప్పకముందే దీపం తిప్పేవాడు. కూతురు మధ్యలో నిలబడి, "నాన్నా, తిప్పమంటున్నాడు," అని తిప్పిన దీపం గురించే చెప్పేది. ఓసారి ఇంజను స్టార్టు చేస్తే అదో రకంగా దగ్గింది. మేస్త్రీ ఒకటి విప్పబోయాడు. "అది కాదు, గాలి లాగుతోంది, కార్బురేటరు కింద చూడమను," అన్నాడు తండ్రి కూతురితో. మేస్త్రీ కింద చూశాడు. అక్కడే ఉంది. అతను ఆ రోజు వెళ్ళేముందు పెట్టె మూయకుండా కాసేపు అక్కడే కూర్చున్నాడు.

చివరగా చక్రాలు బిగించే రోజు వచ్చింది. వెనకవి రెండూ కూతురు బిగించింది. ముందు చక్రం ఎత్తి పెట్టాక మేస్త్రీ నట్టులు గుప్పిట్లో పట్టుకుని, వాటి వైపు చూస్తూ ఉండిపోయాడు. గోడ దగ్గర తండ్రి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్, ఇలా రా," అన్నాడు మేస్త్రీ. అది ఆయనతోనే అన్నాడని అర్థమవడానికి అందరికీ ఒక్క క్షణం పట్టింది.

తండ్రి వచ్చాడు. "నేను బిగించనురా. నావల్ల కాదు," అన్నాడు.

"బిగించమన్నానా? చెయ్యి ఇలా ఇవ్వు."

ఆయన చెయ్యి ముందుకు చాచాడు. మేస్త్రీ నట్టులు కూతురికిచ్చి, గ్రీజు అంటిన తన బొటనవేలితో ఆయన చూపుడువేలి కొస నొక్కాడు.

"తెలుస్తోందా?"

"లేదు."

మధ్యవేలు నొక్కాడు. "ఇది?"

"లేదు."

"ఇదీ?"

"లేదురా."

మేస్త్రీ ఒక్కో కణుపూ నొక్కుకుంటూ కిందికి వచ్చాడు. అరచెయ్యి దగ్గర ఆగి, "నాకొక్కడికి చెప్పి ఉండకూడదూ," అన్నాడు. "నీ వేళ్ళు పోతే నావి లేవూ? చక్రం ఊడినందుక్కాదురా. నన్నొక పరాయివాణ్ణి చేశావు చూడు, అందుకు."

తండ్రి రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తల్లి కొంగుతో తన కళ్ళు ఒత్తుకుంది.

మేస్త్రీ బొటనవేలు మణికట్టు మీదికి వచ్చింది. "మరి ఇక్కడ?"

"ఆఁ," అన్నాడు తండ్రి. "అక్కడ తెలుస్తోంది."

మేస్త్రీ తలూపాడు. చెయ్యి అక్కడే పట్టుకుని, "నువ్వు బిగించవే పాపా," అన్నాడు. కూతురు కూర్చుని మొదటి నట్టు వేలి కొసలతో ఎక్కించింది. మర అందుకుంది. ఆ మణికట్టును మేస్త్రీ ఆఖరి నట్టు బిగిసేదాకా వదల్లేదు.