హ్యాండిల్ మీద చెయ్యి

నేను ఎవరి దగ్గరా ఏదీ నేర్చుకోను. దీన్ని కొందరు పొగరంటారు. కాదు, పక్కవాళ్ల టైము మీద నాకున్న గౌరవం. దర్జీ పని అలాగే వంటబట్టింది. మొదటి చొక్కాకి రెండూ ఎడమ చేతులే వచ్చాయి, అది వేరే సంగతి. పాతకాలపు కార్లు బాగుచేసే సరదా కూడా అలాగే మొదలుపెట్టాను.

కాకపోతే నా కారు ఉన్న షెడ్డుకి మంచి పేరు లేదు.

మా వీధి చివర రేకుల షెడ్డు అది. ఒకప్పుడు ఓ ముసలి మెకానిక్‌ది. అందరూ మేస్త్రీ అనేవాళ్లు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. తలుపుకి తాళం. అయినా చీకటి పడ్డాక లోపల ఇంజన్ హ్యాండిల్ తిరుగుతుందని చెప్పుకునేవాళ్లు... గర్ర్‌మని సగం చుట్టు... ఆగిపోతుంది. తర్వాత ఎవరో పళ్లు బిగబట్టి మూలిగినట్టు... అంతే. నడిచేవాళ్లు అక్కడికి రాగానే అవతలి పక్కకి దాటేవాళ్లు. ఇస్త్రీ కొట్టతను దాటి, ఇంకాస్త పరిగెత్తేవాడు కూడా.

కారు నాకమ్మింది మేస్త్రీ కూతురు. ఆవిడే ఇప్పుడు పెద్దావిడ. తాళంచెవి ఇస్తూ గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది.

"హ్యాండిల్ పిచ్చిగా పట్టుకోకు బాబూ. నాన్న ఊరుకోడు."

ఎలా పట్టుకోవాలని అడగొచ్చు. అడిగితే నేర్చుకున్నట్టవుతుంది. తలూపి వచ్చేశాను.

పగలు కొట్టు, సాయంత్రం నుంచి షెడ్డు. సీట్లు కుట్టాను. పైకప్పు కుట్టాను. కుట్టడానికి వీల్లేనిదల్లా ఇంజనే. దాన్ని విప్పి, తుడిచి, బిగించేసరికి కొన్ని నట్లు మిగిలాయి. తయారు చేసినవాళ్లే ఎక్కువ వేసుంటారనుకున్నాను.

నా భార్యకి దెయ్యం భయం లేదు, నా కుడిచెయ్యి ఏమైపోతుందోనని భయం. ఇలాంటి కారుని ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చెయ్యాలి. ఇంజన్‌కి తిక్కరేగితే హ్యాండిల్ వెనక్కి తన్నుతుంది, ఎముక విరిగేలా.

"కత్తెర పట్టే చెయ్యండీ అది. అది పోతే మనం తినేదేమిటి?" అంది.

ఆ రాత్రి బావమరిదిని బతిమాలి సీట్లో కూర్చోబెట్టాను. స్టీరింగ్ కింద చిన్న లివర్ ఉంటుంది — ఇంజన్‌లో నిప్పురవ్వ ముందు పడాలా, ఆలస్యంగా పడాలా తేల్చేది. స్టార్ట్ చేసేటప్పుడు లివర్ పైకి నెట్టి ఆలస్యంగా పడనివ్వాలి. లేకపోతే ఆ తన్ను ఖాయం. లివర్ బిగించింది నేనే కాబట్టి ధైర్యంగా ఉన్నాను.

"పైకి నెట్టావురా?"

"నెట్టాను బావా. తొందరగా కానీ... ఇంటికి పోదాం."

వంగాను. వెనక బల్బు వెలుగుకి నా నీడ హ్యాండిల్ మీద పడి ఏమీ కనబడలేదు. తడుముకుని పిడికిలి బిగించాను — నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు రెండోవైపు.

అప్పుడు... నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

చల్లగా ఉంది. గ్రీజు వాసన... ఆ చేతికి తొందర లేదు. నా బొటనవేలుని కొక్కెంలా ఒక వేలితో లాగి... హ్యాండిల్ మీంచి విడిపించి... మిగతా వేళ్ల పక్కన పెట్టింది. పసివాడికి బలపం పట్టించినట్టు.

"ఒరేయ్... నువ్వు దిగావా?"

"లేదు బావా. ఇక్కడే ఉన్నా." సీట్లోంచే వచ్చింది గొంతు.

చెయ్యి లాక్కోబోయాను. ఆ లాగుడికే హ్యాండిల్ కదిలింది. గర్ర్... సగం చుట్టు... ఫట్‌మని ఇంజన్ వెనక్కి తన్నింది. హ్యాండిల్ నా వేళ్లలోంచి జారి గిర్రున తిరిగింది — ఇందాక బొటనవేలున్న చోటు మీదుగా.

లివర్ తలకిందులుగా బిగించానని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం బావమరిది వీధి మధ్యలో ఉన్నాడు. నేను వాణ్ణి దాటేశాను.

ఇంటికొచ్చి చెయ్యి చూసుకున్నాను. ఒక్క గీత కూడా లేదు. పైన నల్లటి గ్రీజు మరకలు మాత్రం ఉన్నాయి. సబ్బుకి పోలేదు.

తెల్లారి తాళంచెవి తిరిగిచ్చేద్దామని పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది. ఒక్కో మరక మీద తన వేలు ఆనించి చూసింది. నాలుగు. అయిదోది ఎక్కడా లేదు.

"నాన్న చెయ్యే బాబూ..." అంది మెల్లగా. "ఆయన బొటనవేలు ఆ హ్యాండిలే తీసుకుంది. అప్పట్నించి దాన్ని ఎవరు ముట్టుకున్నా, ముందు వచ్చి వేలు సర్దేవాడు."

తాళంచెవి ఇవ్వకుండానే వచ్చేశాను.

కారు ఇప్పుడు నడుస్తోంది. బొటనవేలు ఎక్కడ పెట్టాలో నాకు వచ్చు; ఒకరి దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకుంటున్నాను కూడా. అయినా చీకట్లో హ్యాండిల్ పట్టినప్పుడు, కావాలనే వేలు తప్పుగా పెట్టి కాసేపు ఆగుతాను. ఒక్కోసారి ఏమీ ఉండదు. ఒక్కోసారి... చల్లగా వచ్చి సర్దుతుంది.

తలెత్తి చూడడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.