చక్రాల కింది చెక్కలు

మొదటిరోజు ఇద్దరికీ పడలేదు. తన తండ్రి సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల చిన్న విమానానికి ఇంజన్ కావాలంటూ ఆమె అతని కార్ల షెడ్డుకి వచ్చింది. మెకానిక్ నవ్వేశాడు. గాలితోనే చల్లబడే పాత కారు ఇంజన్లు తేలిగ్గా ఉంటాయనీ, అలాంటివి చిన్న విమానాల్లో ఎప్పటినుంచో ఎగురుతున్నాయనీ ఆమె ఓపిగ్గా చెప్పింది.

అతను తల గోక్కున్నాడు. "కారు మొరాయిస్తే రోడ్డు పక్కన ఆపుకుంటామండీ. మీకు పైన ఆ పక్క ఎక్కడుంది?"

"అందుకేగా మీ దగ్గరికొచ్చాను."

ఆ మాటకే అతను పడిపోయాడు. ఆ సంగతి తనకే తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

కారులో ఇంజన్ సగం బతుకు షికార్లలోనే గడిపేస్తుంది. విమానంలో అయితే గంటల తరబడి బరువెత్తుకుని కొండెక్కుతున్నట్టే. అందుకని అతను అలాంటి పాత ఇంజన్ ఒకటి తెచ్చి పూర్తిగా విప్పి, గట్టి భాగాలు వేసి, ఒకటి మొండికేస్తే ఇంకొకటి ఆదుకునేలా ప్రతి సిలిండరుకీ రెండో స్పార్క్ ప్లగ్గు బిగించాడు. ఆమె పక్కన కూర్చుని తప్పు రెంచీలు అందించేది. అతను చూసే చూపుకి పగలబడి నవ్వేది. వానొస్తే రేకుల చప్పుడుకి మాటలు వినబడక ఇద్దరూ దగ్గరికి జరిగేవాళ్ళు. వాన వెలిశాక ఎవరూ వెనక్కి జరిగేవాళ్ళు కాదు.

ఇంజన్ సిద్ధమయింది. మైదానంలో ఉన్న విమానానికి బిగించి, దాన్ని నేలకి కట్టేసి రోజంతా హోరెత్తించినా బెదరలేదు. అయినా అతను సరే అనడు. ఒకసారి వాల్వులు చూడాలంటాడు, ఇంకోసారి ఆయిల్ పైపు మార్చాలంటాడు. ఆమె ఎప్పుడొచ్చినా చక్రాలకి అడ్డంగా పెట్టిన చెక్కలు కదలకుండా అక్కడే ఉండేవి. ఒకరోజు ఆమె అడిగేసింది.

"సూటిగా చెప్పండి. లోపం ఇంజన్లో ఉందా, నడిపే నా చేతుల్లోనా?"

అతను చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయాడు. "రెంటిలోనూ లేదు, నాలో ఉంది. రోజూ ఎంతమందివో కార్లు బాగుచేసి పంపిస్తాను, మళ్ళీ తలుచుకోను. నిన్ను పంపడానికి మాత్రం చేతులు రావట్లేదు."

మీరు కాస్తా నువ్వయింది. ఆమె సరిదిద్దలేదు.

"నీ భయంతో నన్ను ఇక్కడే ఉంచేస్తే, నేను నీ దగ్గరున్నట్టు కాదు. ఆగిపోయినట్టు," అంది మెల్లగా.

అతను చేతిగుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత వంగి, చెక్కలు ఒక్కొక్కటిగా లాగేశాడు.

విమానం లేచింది. అతను కళ్ళు మూసుకున్నాడు. మోకాళ్ళ నొప్పులతో స్టూలు మీద కూర్చున్న ఆమె తండ్రి అడిగాడు. "పైకి చూడవేం, అబ్బాయ్?"

"వింటున్నానండీ."

"ఏమంటోంది?"

"ఇంతవరకూ బానే ఉందంటోంది."

మైదానం చుట్టూ తిరిగి ఆమె మెత్తగా దిగింది. నేరుగా అతని ముందుకొచ్చి నిలబడింది. "పరీక్షలన్నీ అయ్యాక పక్క సీట్లో నువ్వే."

"నాకు ఎత్తంటే భయం."

"కింద నిలబడి వినడం కంటేనా?"

అతను విమానంలో ఖాళీగా ఉన్న సీటు వైపు చూశాడు. ఆమె తండ్రి కష్టపడి లేచాడు. అంతవరకూ ఒళ్ళో పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఆ సీటు నాకోసం కట్టుకున్నాను, అబ్బాయ్," అన్నాడు. "జాగ్రత్తగా కూర్చో."