మూడు పలకల తూకం

మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులవి. పలకల కార్ఖానాలో చెక్క చట్రాలు బిగించే బ్రహ్మానికి క్షయ వచ్చింది. మందుల కన్నా ముందు సలహాలు వచ్చిపడ్డాయి. ఇరుగమ్మ గుడ్డు వేడి అంది, పొరుగమ్మ పాలు కఫం అంది. తల్లి రాఘవమ్మ అందరి మాటా మన్నించి, కొడుక్కి చారన్నం ఒక్కటే పెట్టి చక్కగా ఎండగట్టింది.

డాక్టరు ప్రభాకరరావు సూదులు పొడిచి, మాత్రలు రాసిచ్చాడు. "ఆ పథ్యం కట్టిపెట్టు. గుడ్లు, పాలు, శనక్కాయలు తిను. జ్వరం తగ్గింది కాబట్టి పొద్దున్నే మెల్లగా నడువు. ప్రతి శనివారం తూకం వేయించుకో. బరువు పెరిగితే సరి, లేకుంటే మదనపల్లె శానటోరియంలో చేర్పిస్తా" అన్నాడు.

తల్లిని వదిలి పక్కనున్న తర్లుపాడు దాటి ఎరగని బ్రహ్మానికి మదనపల్లె అంటే వల్లమాలిన భయం.

డాక్టరు దగ్గర మనుషులను తూచే మిషను లేదు. అందుకని నరసింహులు శనక్కాయల మండీకి పోవాల్సి వచ్చింది. అక్కడ దూలానికి వేలాడే పెద్ద త్రాసు ఉంది. దాని పక్కన నరసింహులు కూతురు చెంచులక్ష్మి ఉంది.

"ఏం తెచ్చినావు?" అంది తలెత్తకుండా.

"నన్నే."

ఆమె పైకీ కిందికీ చూసింది. "తాలుకాయలు మేం కొనం."

"డాక్టరు పంపించినాడు. మర్యాదగా తూచు."

"తూస్తాలే. గాలికి ఎగిరిపోకుండా గొలుసులు పట్టుకో."

మూడున్నర మణుగులు తూగాడు. మణుగుకు ఎనిమిది వీశెల లెక్కన, ఇప్పటి తూకంలో నలభై కిలోలు కూడా కాదు. ఆ ఊళ్లో ఎవరితో కాసేపు పోట్లాడినా వరస తేలిపోతుంది. వీళ్లకూ తేలింది. అప్పటి నుంచి ఆమె వెటకారాలన్నీ 'బావా' అనే మొదలయ్యాయి.

బ్రహ్మం తెలివైనవాడు. తినడం, నడవడం వంటి కష్టమైన పనుల జోలికి పోలేదు. మరుసటి శనివారం చొక్కా కింద, పంచె మడతలో, చట్రం లేని పలకలు మూడు దోపుకుని వచ్చాడు. కదిలితే చప్పుడవుతాయని ఊపిరి బిగబట్టి, పైకప్పు చూస్తూ త్రాసులో కూర్చున్నాడు. తూకపు రాళ్ల వైపు చూడనే లేదు.

"మూడున్నరకు వీశె తక్కువ" అంది చెంచులక్ష్మి.

బ్రహ్మానికి చెమటలు పట్టాయి. పలకలతో కలిపి ఇంతే అంటే, అసలు మనిషి ఎంత మిగిలినట్టు?

"ఏం తింటాండావు బావా?"

"చారన్నం."

"నడక?"

"టీ అంగడి దాకా."

"అబ్బో, అంత దూరమా. కాళ్లు నొప్పి పుట్టలేదా?"

ఆ సాయంత్రమే ఆమె వేయించిన శనక్కాయలు, బెల్లం తీసుకుని వాళ్లింటికి పోయింది. "అత్తా, పథ్యం పెడితే జబ్బుకు పెట్టు, మనిషికెందుకు?" అని రాఘవమ్మకు నచ్చజెప్పింది. తెల్లారి తమ చేనికి పోతూ వాకిట్లో నిలబడింది. "లెయ్ బావా. నా వెనకాల రా. ఆయాసం వస్తే నిలబడు. సిగ్గు వస్తే మాత్రం నడువు."

మొదట్లో కల్వర్టు దాకా నడిచేసరికి ఆగిపోయేవాడు. పోను పోను చేను దాకా నడిచాడు. వెనకాల నడిచేవాడు కాస్తా పక్కన నడవసాగాడు. ఆమె చెప్పే తూకం మాత్రం నత్తనడకన పెరుగుతోంది. ఆ భయానికి ఇంకో గుడ్డు తినేవాడు, ఇంకో గ్లాసు పాలు తాగేవాడు. పలకలు మాత్రం మానలేదు.

ఒకనాడు దారిలో వాన పట్టుకుంది. వాళ్ల ఊరికి వాన చుట్టపుచూపుగా వస్తుంది కాబట్టి, ఇద్దరూ దానికి మర్యాద చేసి వేపచెట్టు కింద నిలబడ్డారు.

"లక్ష్మీ, నాకు నయమైనాక నన్ను చేసుకుంటావా?"

ఆమె కొంగు పిండుకుంది. "నాకిష్టమే. దాచేదేముంది? మా నాయనను అడుగు. తూకంలో అబద్ధమాడేవాళ్లంటేనే ఆయనకు కడుపుమంట."

శనివారం పలకలు గుర్తొచ్చిన బ్రహ్మం వాన వెలవగానే ఆమెకన్నా ముందు నడిచాడు.

ఆ శనివారం డాక్టరే మండీకి వచ్చాడు. "నాలుగున్నర మణుగులు తూగితే ఇక్కడే వైద్యం. లేకుంటే రేపే మదనపల్లె ప్రయాణం" అన్నాడు. పోయిన వారం పలకలతో కలిపి నాలుగున్నరకు వీశె తక్కువ. ఇప్పుడు పలకలుంటేనే ఆశ.

బ్రహ్మం త్రాసు దాకా పోయి ఆగాడు. చొక్కా ఎత్తి పలకలు ఒక్కొక్కటే తీసి నరసింహులు ముందు పెట్టాడు.

"ఇన్నాళ్లూ మోసం చేసినా మామా. మదనపల్లె పొమ్మంటే పోతా. దొంగ తూకంతో నీ పిల్లనడగలేను."

నరసింహులు ముఖం కందగడ్డయింది. చెంచులక్ష్మి ఏమీ ఎరగనట్టు రాళ్లు పేర్చింది. "నాలుగున్నర. పైన వీశె."

బ్రహ్మం మొదటిసారి రాళ్ల వైపు చూశాడు. "పోయిన వారం..."

"పోయిన వారం తూగింది వేరు, నేను చెప్పింది వేరు. పలకలు మింగినోడి మాదిరి కూర్చుంటే తెలీదా? నువ్వు కలిపింది తీసేసి, ఇంకొంచెం కూడా తగ్గించి చెప్పినా. భయం లేకుంటే నువ్వు గుడ్డు ముడతావా, గడప దాటతావా? అసలు తూకం వారం వారం డాక్టరుగారికి చెప్తానే ఉండా. పలకలు చూసి మనుషులు మోసపోవచ్చు, జబ్బు మోసపోతుందా బావా?"

"నువ్వెప్పుడు బయటికి తీస్తావో చూద్దామని వచ్చినా" అన్నాడు డాక్టరు.

నరసింహులు బస్తా మీద కూలబడ్డాడు. "నా కూతురు, నా త్రాసు, తప్పు తూకం" అని కాసేపు గొణిగాడు. తర్వాత నిట్టూర్చాడు. "ఇద్దరూ ఇద్దరే. ఇంకో రెండిళ్లు చెడిపోకుండా మీకు మీకే ముడిపెడతా."

"మాత్రలన్నీ అయిపోయి, ఛాతీ ఫోటో బాగుందని నేను చెప్పినాకే లగ్నం" అన్నాడు డాక్టరు. "అందాకా నడక మానొద్దు."

బ్రహ్మం పలకలు తీసుకుని బయట పారేయబోయాడు.

"ఉండనీ బావా" అంది చెంచులక్ష్మి, తర్వాతి బస్తా త్రాసు దగ్గరికి లాగుతూ. "చట్రాలు బిగించి పెట్టు. మన పిల్లోళ్లకు పనికొస్తాయి."